తేలినీలాపురం పిట్టలు ఏ దేశానివి?

ఫాల్గుణం దాటింది. మాగాణుల్లో మినుము, పెసర పీకేశారు. జీడితోటల్లో పిక్క రాలడం మొదలయింది. టెక్కలి చుట్టుపక్కల కూలి జనానికి పొలం పని సన్నగిల్లే రోజులివి. పెట్టె సర్దుకుని రైలెక్కేవాళ్లు ఎక్కుతున్నారు. సరిగ్గా ఈ రోజుల్లోనే తేలినీలాపురం చెట్ల మీద ఇంకో ప్రయాణానికి ఏర్పాట్లు జరుగుతుంటాయి.

శ్రీకాకుళం జిల్లా టెక్కలి మండలంలో చిన్న ఊరు తేలినీలాపురం. కూలి రేట్ల మీటింగుకని ఆ దారిన పోతే ఇంటి పెరళ్లలో, రోడ్డు పక్కన చెట్ల నిండా తెల్లగా, బూడిద రంగుగా పెద్ద పెద్ద పిట్టలు కనిపిస్తాయి. ముక్కు కింద సంచీ వేలాడేది గూడబాతు. పుస్తకాల్లో పెలికాన్ అంటారు. పసుపుపచ్చ ముక్కుతో, రెక్కల మీద నలుపు తెలుపు చారలతో, తోక దగ్గర గులాబీ రంగు పూసినట్టుండేది ఎర్రకాళ్ల కొంగ. సెప్టెంబరులో వస్తాయి. పాత గూళ్లకు పుల్లలు చేరుస్తాయి. గుడ్లు పెడతాయి. నెల రోజులు పొదుగుతాయి. సంక్రాంతి నాటికి చెట్టంతా పిల్లల గోల. మార్చి, ఏప్రిల్ నెలల్లో, ఎండ ముదిరేసరికి, ఎగరడం నేర్చిన పిల్లల్ని వెంటబెట్టుకుని గుంపులు గుంపులుగా వెళ్లిపోతాయి.

వెళ్లేటప్పుడు చూడాలి. తెల్లవారగానే పోవు. నేల కాగి వేడిగాలి పైకి లేచేదాకా ఆగుతాయి. అప్పుడు రెక్కలు బార్లా చాచి, ఆడించకుండా, ఆ గాలి మీద గిరికీలు కొడుతూ పైకి పోతాయి. నాలుగు నుంచి ఆరు కిలోలు తూగే పిట్ట అది. అంత బరువును రెక్కల కష్టంతోనే మోస్తే ఎంత దూరం పోగలదు? అందుకే గాలి చేత మోయించుకుంటుంది. ఒళ్లు కష్టపెట్టే మనకి ఈ ఉపాయం చప్పున అర్థమవుతుంది.

ఊరి చివర గడ్డిమోపు దించుకుని కూర్చున్న ఒక పెద్దావిడ నాతో అంది: “ఇక ఎల్లిపోతాయి బావూ. పిల్లలకి రెక్కలొచ్చీసినాయి.”

“ఎక్కడికి పోతాయి అప్పా?”

“సైబీరియా అంటారు గదా. పేపర్లోళ్లు రాస్తారు. మాకేటి తెలుస్తాది?”

నిజమే, పేపర్లలో రాస్తారు. ‘విదేశీ విహంగాలు’, ‘సైబీరియా అతిథులు’ అని ఏటా వార్త వస్తుంది. బోర్డుల మీదా ఉంటుంది. అది తప్పు. ఆ తప్పు దిద్దుకోవడం పిట్టల మీద ప్రేమ ఉన్నవాళ్ల సరదా విషయం మాత్రమే కాదు. మన భూముల విషయం, మన కూలి విషయం కూడా అందులో ఉంది. అందుకే ఈ వారం ఈ శీర్షికలో పిట్టల సంగతి రాస్తున్నాను.

ఇవి అతిథులు కావు

ఒక చిన్న లెక్క వేసుకుందాం. ఏ పిట్ట అయినా గుడ్లు పెట్టి పిల్లల్ని ఎక్కడ లేపుతుందో అదే దాని సొంత ఊరు. మిగతా కాలంలో తిండి కోసం ఎక్కడికి పోయినా అది వలస. గూడబాతు, ఎర్రకాళ్ల కొంగ పిల్లల్ని లేపేది మన చెట్ల మీద. అంటే అవి పుట్టింది ఇక్కడ. సైబీరియా మంచును అవి ఎన్నడూ చూసి ఎరగవు.

గూడబాతుల్లో ఈ జాతి దక్షిణాసియా, ఆగ్నేయాసియా దేశాలకు చెందినది. మన దేశంలో ఆంధ్ర, తమిళనాడు, కర్ణాటక, అస్సాంలలో గూళ్లు కడుతుంది. శ్రీలంకలో, కంబోడియాలో ఉంది. గూళ్ల కాలం అయిపోగానే నీళ్లు, చేపలు ఉన్న చోటు వెతుక్కుంటూ చెరువు నుంచి చెరువుకు, జిల్లా నుంచి జిల్లాకు తిరుగుతుంది. వానలు పడి మన పల్లాలు నిండాక మళ్లీ పుట్టిన చోటుకు వస్తుంది.

ఇచ్ఛాపురం మండలం తేలుకుంచికి వచ్చే నత్తగుల్ల కొంగల కథా ఇదే. అవి జూన్ ప్రాంతంలో, తొలకరికి వస్తాయి. నోరు మూసినా పై ముక్కుకీ కింది ముక్కుకీ నడుమ సందు ఉంటుంది. నత్తల్ని పట్టడానికి అది పనిముట్టు. వరిచేలలోని నత్తల్ని ఏరి తింటాయి. రైతుకు పైసా ఖర్చు లేకుండా జరిగే పని. వాన కురిసే నెలల్లో పిల్లల్ని పెంచుకుని, చలికాలం వచ్చేసరికి ఆ ఊరు విడిచిపోతాయి. ఆ కొంగలు వస్తే వాన వచ్చినట్టేనని అక్కడి రైతు నమ్మకం. వాటికీ సైబీరియాతో సంబంధం లేదు.

మరి సైబీరియా నుంచి వచ్చే పిట్టలే లేవా? ఉన్నాయి. అవి ఇంత పెద్దగా కనిపించవు, చెట్టెక్కి కూర్చోవు, ఇక్కడ గూడు కట్టవు. నౌపడ ఉప్పు మడుల గట్ల మీద, సముద్రపు పాయల బురదలో చలికాలమంతా చకచకా పరుగులు తీసే ఉల్లంకి పిట్టల్లో చాలా రకాలు ఉత్తర దేశాల నుంచి వచ్చినవే. సూదితోక బాతు, చిన్న పరజ బాతులు కూడా అంతే. ఉత్తరాసియాలో చలికాలం నీళ్లు గడ్డకట్టి, మేత దొరకక దక్షిణానికి దిగుతాయి. మనకు పైన ఒడిశాలోని చిలికా సరస్సుకు లక్షల్లో వస్తాయి. అదే తీరం వెంట మన బీలల్లోకీ, తంపరల్లోకీ కొన్ని దిగుతాయి. మంగోలియా, టిబెట్ వైపు నుంచి వచ్చే పట్టీతల బాతు హిమాలయాలు దాటి వస్తుంది. వసంతం రాగానే అక్కడ మంచు కరుగుతుంది, పురుగూ పుట్రా లేస్తుంది, పగలు పొడుగవుతుంది. పిల్లల్ని పెంచడానికి అదే అదను. అందుకని ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ లోగా ఇక్కడ కడుపునిండా మేసి, ఒంట్లో కొవ్వు దాచుకుని, ఆ బత్తెంతో వేల కిలోమీటర్లు ఎగిరిపోతాయి. ఆఖరి వారాల మేత దొరక్కపోతే దారిలోనే ప్రాణం పోతుంది.

ఈ సంగతులు దొరలో స్వాములో చెప్పినవి కావు. పిట్టల కాళ్లకు నంబరు వేసిన చిన్న ఉంగరాలు తొడిగి వదిలిపెట్టి, అవి మళ్లీ ఎక్కడ దొరికితే అక్కడ రాసుకుని తేల్చినవి. మన దేశంలో 1960 దశకంలో సలీం అలీ నాయకత్వాన బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘం ఈ పనిని పెద్ద ఎత్తున చేసింది. వలలు వేసి పిట్టను ప్రాణంతో పట్టి ఇవ్వడంలో ఆరితేరిన వాళ్లు బీద వేటగాళ్లే. వాళ్ల చేతి నేర్పు లేకుండా ఆ శాస్త్రం ముందుకు పోయేది కాదు.

కాబట్టి వసంత కాలంలో మన ఆకాశంలో రెండు ప్రయాణాలు సాగుతున్నాయి. ఉప్పు మడుల నుంచి ఉత్తరానికి పోయేవి చలికాలపు చుట్టాలు. తేలినీలాపురం చెట్ల నుంచి లేచేవి మన ఊరి బిడ్డలు, బతుకుతెరువుకు పోతున్నవి. రెండింటికీ కావలసింది ఒకటే: లోతు తక్కువ నీళ్లు, బురద, చేప, నత్త.

బంజరు అని ఎవరు రాశారు?

తేలినీలాపురంలో పిట్టకు చెట్టుంది గాని తిండి లేదు. తిండి కోసం రోజూ నౌపడ వైపు, సంతబొమ్మాళి మండలపు తంపర వైపు పోవాలి. మన వైపు వాళ్లకు తంపర అంటే చెప్పక్కర్లేదు. వాన నీరు, వాగుల నీరు చేరి, సముద్రానికి చేరువలో నిలిచే పల్లపు భూమి. సోంపేట వైపు దీన్నే బీల అంటారు. ఏడాదిలో కొన్ని నెలలు నీళ్లు, కొన్ని నెలలు పచ్చిక.

ఆ తంపరలో పిట్ట ఒక్కటే బతకదు. గేదెల్ని తోలుకుపోయేవాడు బతుకుతాడు. వల వేసేవాడు బతుకుతాడు. తుంగ కోసి చాప అల్లుకునే ఆడకూతురు బతుకుతుంది. అంచుల్లో వరి వేసే చిన్న రైతు బతుకుతాడు. ఆ నీరు భూమిలో ఇంకితేనే చుట్టుపక్కల బావుల్లో తీపి నీరు నిలుస్తుంది. సెంటు భూమి లేని కుటుంబానికి పని లేని నెలల్లో రెండు చేపలూ, ఒక గడ్డిమోపూ పెట్టేది ఆ తంపరే. పట్టా లేకపోయినా అది బీదవాడి ఆస్తి.

కాని సర్కారీ కాగితంలో దాని పేరేమిటి? బంజరు, పోరంబోకు, ఎందుకూ పనికిరాని భూమి. ఆ ఒక్క మాట చాలు. ఆ మాట రాసేశాక దాన్ని ఎవరికి ఇచ్చినా అడిగేవాడుండడని ధీమా.

సోంపేట బీలలో 2,640 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రానికి భూమి కట్టబెట్టారు. అది పనికిరాని భూమి కాదు, మా బువ్వ అని జనం అడ్డంపడ్డారు. 2010 జూలై 14న పోలీసులు కాల్పులు జరిపారు. బీల కోసం మనుషుల ప్రాణాలు పోయాయి. అదే రోజున ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ ఆ కేంద్రానికిచ్చిన అనుమతిని కొట్టివేసింది. తుపాకి పేలిన నాడే కాగితం మాట తప్పని తేలింది. ఎనిమిది నెలలు తిరక్కుండా, 2011 ఫిబ్రవరి 28న, కాకరాపల్లి తంపరలో మరో విద్యుత్ కేంద్రం కోసం వడ్డితాండ్ర దగ్గర మళ్లీ కాల్పులు. మళ్లీ చావులు. ఆ కేంద్రం కట్టడం మధ్యలోనే ఆగిపోయింది. సోంపేటలో కేంద్రం రానే లేదు.

ఆ రోజుల్లో కొందరు చదువుకున్నవాళ్లు మనల్ని అడిగారు: “మీకు కరెంటు అక్కర్లేదా? నాలుగు పిట్టల కోసం అభివృద్ధి ఆపుతారా?” అది పిట్టల కోసం జరిగిన పోరాటం కాదు, తిండి కోసం జరిగింది. కాని పిట్టలు ఆ పోరాటంలో మన వైపు సాక్ష్యం చెప్పాయి. ఎందుకంటే, బంజరులో గూడబాతు మేయదు. నీళ్లూ చేపా లేని చోట ఎర్రకాళ్ల కొంగ దిగదు. ఏ రెవెన్యూ ఉద్యోగి సంతకం కంటే ఆ పిట్ట కాలి ముద్ర బలమైన రుజువు. ‘ఇక్కడ నీళ్లు నిలుస్తాయి, ఇక్కడ బతుకు ఉంది’ అని చెప్పే రుజువు. మనం దాన్ని కాగితం మీద పెట్టలేదు. పెట్టి ఉంటే ఇంకా ముందే మన మాట నెగ్గేదేమో.

ప్రమాదం పోయిందనుకోవద్దు. ఆ సంతబొమ్మాళి తీరంలోనే మూలపేట ఓడరేవుకు 2023 ఏప్రిల్ లో శంకుస్థాపన చేశారు. ఓడరేవు వెంట రోడ్లు వస్తాయి, రోడ్ల వెంట భూముల బేరగాళ్లు వస్తారు. పనులొస్తే మన పిల్లలకు పనులివ్వమని అడుగుదాం. అదే నోటితో, తంపరకు నీరొచ్చే దారులు పూడ్చొద్దని కూడా అడగాలి.

చచ్చిన పిట్టలు ఏం చెప్పాయి?

2021 డిసెంబరు, 2022 జనవరి నెలల్లో తేలినీలాపురంలో గూడబాతులు చెట్ల మీంచి రాలిపడ్డాయి. వందకు పైగా చచ్చిపోయాయి. కోసి చూస్తే లోపల నులిపురుగుల్లాంటి పరాన్నజీవులు. తిన్న చేపల నుంచి అవి సోకాయని తేల్చారు. తంపరలూ చెరువులూ కుదించుకుపోతుంటే పిట్ట ఎక్కడికి పోతుంది? చేపల చెరువుల మీదికీ, మురుగు కాల్వల మీదికీ పోతుంది. అక్కడ ఏది దొరికితే అది మింగుతుంది.

ఇది మనకు తెలియని కథేం కాదు. మంచి నీటి బావి పోయినవాడు ఏ నీళ్లు దొరికితే ఆ నీళ్లు తాగుతాడు. రోగం వచ్చాక డాక్టరు రోగానికి పేరు పెడతాడు. బావి ఎందుకు పోయిందో ఆ చీటీలో రాయడు.

చెట్ల సంగతి కూడా చెప్పాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానం కొబ్బరి, జీడి నేలకొరిగిపోయాయి. తేలినీలాపురం, తేలుకుంచి చెట్లు కూడా కూలాయి. గూళ్లతో సహా పిట్టలు చచ్చాయి. మనిషికే గూడు లేని ఆ వారంలో పిట్ట గూడు గురించి ఎవరడుగుతారు? అయినా ఆ ఊళ్లవాళ్లు మరుసటేడు పిట్టల కోసం ఎదురుచూశారు. కూలగా మిగిలిన చెట్ల మీదికి అవి తిరిగి వచ్చాయి.

ఆ చెట్లలో చాలా మట్టుకు ఊరివాళ్లవే. పిట్టల రెట్ట పడి ఆకు మాడుతుంది, కొమ్మ ఎండుతుంది. చింతచెట్టయితే కాపు మీద ఆశ వదులుకోవలసిందే. వాకిట్లో చేప వాసన, రాత్రంతా గోల. అయినా కర్ర ఎత్తరు. పురిటికి వచ్చిన ఆడబిడ్డను వెళ్లగొడతామా అంటారు. చూడడానికి వచ్చేవాళ్లు ఫోటోలు తీసుకుని పోతారు. పిట్టల్ని కాసిన ఖ్యాతి శాఖలకు పోతుంది. చింతపండు నష్టం మాత్రం ఆ పెరటివాళ్లది. చెట్టుకింతని పరిహారం కట్టి ఇవ్వడం, కూలిన చెట్టుకు బదులు చెట్టు నాటించి దానికి నీళ్లు పోసే పని కూలీలకు జీతమిచ్చి చేయించడం ప్రభుత్వం బాధ్యత. ఇది జాలి మీద అడిగేది కాదు, చేసిన పనికి అడిగే కూలి.

పిట్టల పేర మనుషుల్ని తరమొద్దు

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా చేయాలి. పిట్టల్ని కాపాడాలని మనం అంటే, ‘సరే, అభయారణ్యం అని గీత గీస్తాం, మీరు బయటికి పొండి’ అనేవాళ్లున్నారు. కొల్లేరు అనుభవం మన కళ్ల ముందుంది.

కొల్లేటి ఒడ్డున 1940లలో పెద్ద గూడబాతుల కాలనీ ఉండేది. 1970ల నాటికి అది లేకుండా పోయింది. తర్వాత కొల్లేటి గర్భంలోకి చేపల చెరువుల గట్లు వచ్చాయి. పెట్టుబడి పెట్టినవాళ్లు ఊళ్లో ఉండరు, గట్టు మీద కాపలా ఉండేది కూలివాడు. 1999లో అయిదో కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో చెరువుల గట్లను బద్దలు కొట్టారు. సరస్సుకు ఊపిరి కావలసిందే, కాదనం. కాని ఆ దెబ్బ ఎవరి మీద ఎక్కువ పడింది? లక్షలు తిప్పే పెట్టుబడిదారు మరో చోట చెరువు తవ్వుకున్నాడు. సొసైటీలో చిన్న వాటా ఉన్న బెస్తవాడు, గట్టు మీద కూలి చేసిన దళితుడు పని పోయి నగరాలకు పోయారు. ఆటపాక దగ్గర ఇనుప స్టాండ్లు నిలబెడితే గూడబాతులు వాటి మీద గూళ్లు కట్టుకున్నాయి. మంచిదే. ఊరు విడిచిన కూలివాడికి ఎవరు ఏ స్టాండు నిలబెట్టారు?

తేలినీలాపురం నేర్పే పాఠం ఇంకొకటి. అక్కడ పిట్టలు కంచె లోపల బతకలేదు. ఊరి నడుమ, మనుషుల నడుమ, గేదెల కొట్టాల పక్కన బతికాయి. జనం కాపాడారు కనక బతికాయి. అందుచేత జనాన్ని వెళ్లగొట్టి పిట్టను కాపాడతాననేవాడి మాట నమ్మక్కర్లేదు. తంపరలో వల వేసే హక్కు, గడ్డి కోసే హక్కు, పశువుల్ని మేపే హక్కు నిలబడితేనే తంపర నిలుస్తుంది. వాడకం ఉన్నచోటే కావలి ఉంటుంది.

రంగం నుంచి రైలు దాకా

మన తాతలు కూలికి రంగం పోయారు. ఆ బర్మాలోనే, సిట్టాంగ్ నది మైదానంలో, 1877లో ఇదే జాతి గూడబాతులు లెక్కకు అందనంతగా గూళ్లు కట్టినట్టు ఓట్స్ అనే ఇంగ్లీషు దొర రాసిపెట్టాడు. తర్వాత అడవులు నరికారు. ఇరవయ్యో శతాబ్దం సగం గడిచేసరికి ఆ గూళ్లు లేవు. 1942లో యుద్ధం మీదికి రాగా మన వాళ్లు కూడా రంగం విడిచి, కొండలూ అడవులూ దాటి నడిచి వచ్చారు. దారిలో ఎందరు పడిపోయారో!

ఆ నడక మళ్లీ 2020లో చూశాం. అదీ ఈ వసంత కాలమే. మార్చి నెలాఖరున నాలుగు గంటల గడువులో దేశానికి తాళం వేశారు. మద్రాసు నుంచి, హైదరాబాదు నుంచి మన పిల్లలు జాతీయ రహదారి పట్టుకుని నడిచారు. వాళ్ల తలల మీదుగా పిట్టలు ఎప్పటిలాగే ఎగిరిపోయాయి. పిట్ట వలసకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఆ రోజుల్లో మన వలసను మాత్రం ప్రతి చెక్ పోస్టు దగ్గరా ఆపారు.

పిట్టకీ కూలికీ పోలిక చెప్పడం తేలిక. కాని ఒక తేడా మరవకూడదు. పిట్ట వలస దాని ఒంట్లో ఉన్న గుణం, రుతువు తెచ్చేది. మన వలస రుతువు తెచ్చింది కాదు. భూమి లేకపోవడం తెచ్చింది, తంపర పోవడం తెచ్చింది, చాలీచాలని కూలి తెచ్చింది. పిట్ట వలసను ఆపకూడదు. మన వలసను ఆపాలి, ఆపవచ్చు. ఊళ్లో నీళ్లుండి, నీళ్ల మీద హక్కుండి, పని దినాలకు సరైన కూలి దొరికితే ఆ పెద్దావిడ కొడుకు చెన్నపట్నంలో ఇసుక మోయక్కర్లేదు.

ఆమెను అడిగాను, కొడుకు ఎప్పుడొస్తాడని. చెట్ల వైపు చూసి అంది: “పిట్టలొచ్చే యేలకి ఒస్తానన్నాడు బావూ. అవి తప్పకండా ఒస్తాయి. ఈడే ఒస్తాడో, రాడో.”

మనం చేయగలిగినవి

సంఘం కార్యకర్తలకు నా సూచనలు ఇవి.

ఒకటి. ప్రతి ఊళ్లో ఒక నోటుపుస్తకం పెట్టండి. ఏ పిట్ట ఏ తేదీన మొదట దిగింది, ఎక్కడ మేసింది, ఏ తేదీన ఆఖరి గుంపు లేచిపోయింది, అప్పటికి తంపరలో నీరు ఎంతవరకు ఉంది – ఇంతే రాయండి. పిట్ట పేరు పుస్తకంలో ఏమున్నా, మన ఊళ్లో పిలిచే పేరే రాయండి. బడికి పోయే పిల్లలు చక్కగా రాస్తారు. గొడ్లు కాసేవాళ్లకు తెలిసినంత ఏ ఆఫీసరుకీ తెలియదు. వాళ్లను అడిగి రాయండి.

రెండు. 1987 నుంచి ఏటా జనవరిలో ఆసియా దేశాలన్నిటా నీటిపక్షుల్ని లెక్కిస్తున్నారు. కాలేజీ పిల్లలూ, మాస్టర్లూ దుర్భిణి పట్టుకుని మన చెరువుల మీదికి వస్తారు. వాళ్లను చూసి నవ్వొద్దు, దూరంగా నిలబడొద్దు. దారి చూపించండి. వాళ్ల లెక్కలో మన తంపర పేరు ఎక్కేలా చూడండి. రేపు ఎవరైనా ‘బంజరు’ అని కాగితం తెస్తే ఆ లెక్క మన చేతిలో ఉంటుంది.

మూడు. గ్రామసభ జరిగినప్పుడు తంపర, బీల, చెరువు, వాటికి నీరొచ్చే గెడ్డల పేర్లు హద్దులతో సహా తీర్మానంలో రాయించండి. కాలవ పూడిక తీత, గట్ల మరమ్మతు, చెట్లు నాటడం కూలి పనుల జాబితాలో పెట్టించండి. చెరువులు తవ్విన చేతులు మనవి. ఏ చెరువు తవ్వాలో చెప్పే నోరు కూడా మనదే కావాలి.

నాలుగు. గూళ్ల కాలంలో చెట్టు కొట్టనివ్వకండి, వేటగాణ్ణి రానివ్వకండి. చచ్చిన పిట్టలు రెండు మూడు ఒకచోట కనిపిస్తే ముట్టుకోకుండా వెంటనే పశువుల డాక్టరుకు కబురు చేయండి. పిట్టను చంపిన నీరు మన గేదెనూ వదలదు, మనల్నీ వదలదు.

ఇంకో పది పదిహేను రోజులు పోతే తేలినీలాపురం చెట్లు ఖాళీ అవుతాయి. గూళ్లు మాత్రం మిగులుతాయి, రెట్టతో తెల్లబడ్డ కొమ్మలు మిగులుతాయి. ఎండాకాలమంతా ఆ పెరళ్లు చప్పుడు లేకుండా ఉంటాయి. పిట్టలు ఎక్కడికి పోయాయని ఎవరైనా అడిగితే సైబీరియా అని చెప్పకండి. బతుకుతెరువుకు పోయాయి, వానలు పడి తంపర నిండితే సెప్టెంబరుకు ఇంటికి వస్తాయి అని చెప్పండి. అవి వచ్చేసరికి తంపర తంపరగానే ఉండాలి. ఆ పూచీ మనది.